జడకు అడ్డం, హెల్మెట్‌కు అడ్డం: హెడ్‌రెస్ట్ గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల సీటు కవర్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హెడ్‌రెస్ట్ గురించే, అంటే కారు సీటు మీద తల వెనక ఉండే మెత్త గురించే ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్ళు సీట్లు కుట్టినవాణ్ణి. ఈ చేతులతో ఎన్ని వేల హెడ్‌రెస్ట్‌లు పైకి లాగి, కవరు తొడిగి, మళ్ళీ దించానో లెక్క లేదు. అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నగారూ, మా కొత్త కారులో ముందు సీట్లో కూర్చుంటే హెడ్‌రెస్ట్ నా జడకు, క్లిప్పుకు తగిలి తలను ముందుకు తోస్తోంది. తిరుపతి వెళ్ళి వచ్చేసరికి మెడ పట్టేసింది. తీసి డిక్కీలో పెడదామంటే మావారు వద్దంటున్నారు. తీస్తే తప్పేంటి?
– ఓ గృహిణి, గుంటూరు

జవాబు: తీయకండమ్మా. ఈ ఒక్క విషయంలో మీవారి మాట వినండి. మీ బాధ నిజమే, దానికి మందు కూడా ఉంది, చెబుతాను. కానీ ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో పెళ్ళి చూసుకుని తిరిగి వస్తున్నాం. పెళ్ళికని మా ఆవిడ పెద్ద కొప్పు పెట్టించుకుంది, చుట్టూ మల్లెదండ. హెడ్‌రెస్ట్ అడ్డం వస్తోందంటే బయల్దేరే ముందు నేనే పీకి డిక్కీలో పెట్టాను. ఎన్నో చూసిన చేతులు కదా, రెండు క్షణాల పని. జగ్గయ్యపేట దగ్గర టోల్ గేటు వరుసలో ఆగి ఉన్నాం. వెనక వస్తున్న కారు ఆగలేక వచ్చి తగిలింది. పెద్ద దెబ్బ కూడా కాదు. బంపర్ చీలింది, డిక్కీ మూత కొంచెం లోపలికి పోయింది, అంతే. ఇద్దరం దిగి, బాగానే ఉన్నామనుకుని, మాట్లాడుకుని వచ్చేశాం. తెల్లవారి ఆవిడ మంచం మీంచి లేవబోతే మెడ తిరగలేదు. కాలరు, ఫిజియోథెరపీ, తలనొప్పులు. అటక మీది డబ్బా చేయెత్తి అందుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అదే కారులో పక్క సీట్లో ఉన్న నాకు ఏమీ కాలేదు. నా తల వెనక హెడ్‌రెస్ట్ ఉంది. ఆవిడది డిక్కీలో, చీరల సంచీ కింద, నలగకుండా ఉంది.

అప్పటిదాకా నేను కూడా అది తల వాల్చుకునే దిండు అనే అనుకున్నాను. పేరే అలా ఉంది మరి. అమెరికా నియమాల్లో దాన్ని 'హెడ్ రెస్ట్రెయింట్' అని రాస్తారు, అంటే తలను పట్టి ఆపేది. వెనక నుంచి బండి గుద్దినప్పుడు సీటు మన వీపును ఒక్కసారిగా ముందుకు నెడుతుంది. తలకు ఆ సంగతి ఇంకా తెలియదు, అది ఉన్నచోటే ఉండిపోతుంది. నాలుగైదు కిలోల బరువు మెడ మీద నిలబడి ఉండగా కింద నుంచి ఒళ్ళు జరిగిపోయిందన్నమాట. మెడ ముందు మెలి తిరిగినట్టు వంగుతుంది, ఆ వెంటనే తల వెనక్కి విరుచుకుపడుతుంది. దీన్నే విప్‌లాష్ అంటారు. తల వెనక్కి పోకముందే ఆపడం హెడ్‌రెస్ట్ పని. బండి నెమ్మదిగా తగిలినా ఇది జరగొచ్చు, మాకు తగిలింది పెద్ద దెబ్బ కాదు కదా.

ఇప్పుడు మీ జడ సంగతి. హెడ్‌రెస్ట్ తోస్తోందని వచ్చిన కార్లలో చాలావాటికి అసలు తప్పు సీటు వీపుది. బాగా నిటారుగా పెట్టుకుంటాం. సీటు వీపు నిటారుగా ఉంటే దానికి పైనున్న హెడ్‌రెస్ట్ కూడా తల మీదికి వస్తుంది. నడుము వెనక్కి ఆనేలా జరిగి కూర్చుని, సీటు వీపును ఒక్క గాటు వెనక్కి వాల్చండి. చాలకపోతే ఇంకొక్కటి. పడుకునేంత వద్దు, బెల్టు భుజం మీద నుంచి జారకూడదు. సగం బాధ అక్కడే పోతుంది.

తర్వాత ఎత్తు. హెడ్‌రెస్ట్ పైఅంచు మీ నడినెత్తితో సమానంగా ఉంటే మంచిది. అంత రాకపోతే కనీసం చెవి పైభాగం కంటే కిందికి ఉండకూడదు. మన ఆడవాళ్ళు చాలామంది దాన్ని అడుక్కి దించేసి మెడకింద దిండులా వాడతారు. అది లేకపోవడం కంటే మేలేమీ కాదు, తల దానిమీద నుంచి వెనక్కి మడతపడుతుంది. తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య నాలుగు వేళ్ళు అడ్డంగా పట్టేంత సందు ఉంటే సరి, అంతకన్నా దగ్గరగా ఉంటే ఇంకా మంచిది.

జడను భుజం మీంచి ముందుకు వేసుకోండి. కొప్పయితే మెడకు దగ్గరగా కిందికి చుట్టుకోండి, అది హెడ్‌రెస్ట్ కింద రాడ్ల మధ్య ఖాళీలోకి చక్కగా పోతుంది. పూలకు అభ్యంతరం లేదు. ఆ పళ్ళున్న గట్టి ప్లాస్టిక్ క్లిప్పు మాత్రం కారెక్కే ముందు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. బండి తగిలినప్పుడు తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య అది ఉండకూడదు.

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ ఏ కారెక్కినా హెడ్‌రెస్ట్ గడ్డాన్ని గుండెకు ఆనించేలా తోస్తోంది. ఇండియాలో మా నాన్నగారి పాత కారులో ఈ టెన్షన్ లేదు. తిప్పి వెనక్కి పెట్టుకోమని స్నేహితుడు చెప్పాడు. పెట్టుకోవచ్చా?
– ఇంజినీరు, డాలస్

జవాబు: తిప్పి పెట్టొద్దు తమ్ముడూ. రెండు రాడ్లలో ఒకదానికి గాట్లుంటాయి చూడు, బటన్ ఉన్న వైపు ఆ గాట్లలోకి చిన్న నాలుక దూరి పట్టుకుంటుంది. తిప్పితే ఆ పట్టు దొరకదు. వంపు వెనక్కి పోయి తలకూ దానికీ మధ్య ఇంత ఎడం వస్తుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో కూడా తిప్పి వాడొద్దనే రాసి ఉంటుంది, తీసి చదువు.

మీ నాన్నగారి కారుకూ నీ కారుకూ తేడా ఎక్కడొచ్చిందంటే, అమెరికాలో ముందు సీట్లకు హెడ్‌రెస్ట్ ఉండి తీరాలన్న నియమం 1969 నుంచే ఉంది. కానీ తలకు ఎంత దగ్గరగా ఉండాలో అందులో చెప్పలేదు. తర్వాత నియమాన్ని బిగించారు. 2009 సెప్టెంబరు నుంచి దశలవారీగా వచ్చిన కొత్త కార్లలో ముందు సీటు హెడ్‌రెస్ట్ తల వెనక 55 మిల్లీమీటర్ల లోపే ఉండాలి, అంటే మన మూడు వేళ్ళంత సందు. సీటు నుంచి కొలిచే ఎత్తు కూడా పెరిగింది.

ఆ కొలత తీసే బొమ్మను నిటారుగా కూర్చోబెట్టరు. వీపు దాదాపు 25 డిగ్రీలు వెనక్కి వాలేలా కూర్చోబెట్టి కొలుస్తారు. నువ్వు డెస్కు ముందు కూర్చున్నట్టు కూర్చుంటే ఆ 55 మిల్లీమీటర్లు ఎటు పోతాయి? నీ తల్లోకే వస్తాయి. కాబట్టి సీటు వీపు వాల్చు, అప్పుడు చేతులకు స్టీరింగ్ దూరమవుతుంది. సీటును ముందుకు జరుపు, స్టీరింగ్ నీవైపు లాగే వీలుంటే లాగు. సీటు, స్టీరింగ్, హెడ్‌రెస్ట్ మూడూ కలిపి సర్దాలి. ఒక్కదాన్ని పట్టుకుని పోరాడితే పని కాదు. కొన్ని హెడ్‌రెస్ట్‌లు ఎత్తే కాక ముందుకూ వెనక్కూ కూడా వంగుతాయి. ముందుకు లాగితే క్లిక్కుమంటూ వచ్చి, చివరిదాకా లాగి వదిలితే వెనక్కి పోయేవి ఉన్నాయి. నీదాన్ని ఎవరో ముందుకు లాగి వదిలేశారేమో ఒక్కసారి చూడు.

కారు కొనేముందు షోరూమ్‌లో పది నిమిషాలు ఆ సీట్లో కూర్చోవడం మా వృత్తివాళ్ళం అందరికీ చెప్పే మాట. మీ ఆవిడను కూడా కూర్చోబెట్టు, ఆవిడ ఎత్తుకు అది వేరేగా ఉంటుంది.

ప్రశ్న: కొత్త సీటు కవర్లు వేయించాక హెడ్‌రెస్ట్ కదలడం లేదు. నొక్కే బటన్ ఎక్కడుందో కూడా తెలియడం లేదు.
– ట్యాక్సీ డ్రైవరు, ఖమ్మం

జవాబు: కవరు కింద ఉంది. ఇది మావాళ్ళ తప్పు, మా వృత్తిలో ఎక్కువగా జరిగే తప్పు కూడా. సీటు పైన రాడ్లు దిగే ప్లాస్టిక్ బుష్‌లు రెండుంటాయి. రాడ్డు పట్టే సైజుకు కవరును కోసి, బటన్ సంగతి మర్చిపోయి పైన రెగ్జిన్ బిగించేస్తారు. రాడ్ల మొదట్లో వేలితో నొక్కుతూ వెళ్ళండి, ఒక వైపు గట్టిగా ఉబ్బెత్తుగా తగులుతుంది. అదే బటన్. కవరు వేసినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళి, బుష్ అంచు మొత్తం బయటికి వచ్చేలా కోయించి, కోసినచోట అంచు కుట్టించండి. మీరు ఇంట్లో బ్లేడుతో కోస్తే రెగ్జిన్ ఆ చీలిక నుంచి చిరుగుతూ పోతుంది.

బటన్ దొరికాక కూడా పైకి వచ్చి ఊడకపోతే కంగారుపడకండి. కొన్ని కార్లలో రెండో బుష్‌కు బటన్ బదులు సన్నటి రంధ్రం ఉంటుంది. బటన్ నొక్కుతూనే ఆ రంధ్రంలో పిన్నీసు మొన దూర్చి నొక్కితేనే మొత్తం బయటికి వస్తుంది. లాగేటప్పుడు రెండు చేతులతో నిలువుగా లాగాలి, ఒక పక్క లాగితే రాడ్డు బుష్‌లో బిగుసుకుంటుంది. పైకప్పు తగిలితే సీటు వీపు వాల్చుకోండి. బిగుతుగా ఉందని నూనె మాత్రం పోయకండి, కవరంతా మరక అవుతుంది, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. పొడిగుడ్డతో రాడ్లు తుడవండి చాలు. తిరిగి పెట్టాక బటన్ ముట్టుకోకుండా పైకి ఒకసారి లాగి చూడండి. ఊడి చేతికొస్తే పట్టు పడలేదని అర్థం.

కవర్ల గురించి ఇంకొక్క మాట. హెడ్‌రెస్ట్ కవరు లోపల కూడా ఫోమ్ వేసి దళసరిగా కుట్టమని అడుగుతారు, మెత్తగా ఉంటుందని. దాంతో అది ఒక అంగుళం ముందుకొస్తుంది, నెల తిరిగేసరికి మెడనొప్పి అని మా దగ్గరికే వస్తారు. హెడ్‌రెస్ట్‌కు పల్చటి కవరే వేయించుకోండి. సీటు అంచుమీద ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు ఉంటే, ఆ వైపు కుట్టు విడిపోయేలా వేసే కవరే కావాలని గట్టిగా అడగండి.

ప్రశ్న: కారు నీళ్ళలో చిక్కుకుంటే అద్దం పగలగొట్టడానికే హెడ్‌రెస్ట్ ఊడేలా చేశారని వాట్సాప్‌లో చూశాం. నిజమేనా?
– పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: 2024 సెప్టెంబరులో బుడమేరు మన ఇళ్ళల్లోకి వచ్చాక ఈ వీడియో తిరగని ఫోను లేదు. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఊడేలా చేసింది అందుకు కాదు, ఎత్తు సర్దుకోవడానికి, సీట్లు మడవడానికి. రాడ్డు మొనతో పక్క అద్దం మూల పగలగొట్టిన సందర్భాలు ఉండొచ్చు. అయితే నీళ్ళు ఎక్కుతుండగా, చీకట్లో, కవరు కింద బటన్ వెతికి, పైకప్పు తగలకుండా దాన్ని లాగడం అయ్యే పని కాదు. ముందు అద్దం ఎలాగూ పగలదు, దాని మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొన్ని కార్లకు పక్క అద్దాలు కూడా అలాంటివే వస్తున్నాయి. నీళ్ళలోకి దిగామని తెలిసిన క్షణమే బెల్టు విప్పండి, కరెంటు ఉండగానే అద్దం దించండి. డ్రైవరు చేతికి అందేచోట అద్దం పగలగొట్టే చిన్న సుత్తి పెట్టుకోండి.

ప్రశ్న: మనవడికి బూస్టర్ సీటు (పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టేది) కొన్నాం. వెనక సీటు హెడ్‌రెస్ట్ అడ్డం వచ్చి అది వెనక్కి ఆనడం లేదు. తీయొచ్చా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: తీయొచ్చు మాస్టారూ. వీపు ఎత్తుగా ఉన్న బూస్టరయితే బాబు తలను అదే కాపాడుతుంది, అది సీటుకు పూర్తిగా ఆనడం ముఖ్యం. బూస్టరు పుస్తకంలో, కారు పుస్తకంలో ఈ మాట ఉందో లేదో చూసి తీయండి. వీపు లేని, కింద పీట మాత్రమే ఉన్న బూస్టరయితే తీయకండి, అప్పుడు బాబు తలకు కారు హెడ్‌రెస్టే దిక్కు. తీసినదాన్ని డిక్కీలో కట్టి ఉంచండి. ఆ సీట్లో మీరు కూర్చునే రోజున మళ్ళీ పెట్టండి. కొన్ని కార్లలో వెనక హెడ్‌రెస్ట్ పూర్తిగా దించితే వీపుకు గుచ్చుకుంటుంది. అది లోపం కాదు. మనం తట్టుకోలేక పైకి ఎత్తుకోవాలనే అలా చేశారు.

ప్రశ్న: సార్, మేం నలుగురు స్నేహితులం వచ్చే నెల కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకి ట్రాక్ డేకి (సొంత కారును రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) వెళ్తున్నాం, నాది మామూలు హ్యాచ్‌బ్యాక్. ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు, పైన సన్‌రూఫ్. హెల్మెట్ పెట్టుకుంటే వెనక హెడ్‌రెస్ట్ తోస్తోంది, పైన కప్పు తగులుతోంది. హెడ్‌రెస్ట్ తీసేసి నడపొచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బాబూ, నువ్వు అడిగావు గనక సంతోషం. చాలామంది అడక్కుండానే పీకేస్తారు. నేను రేసులు నడపలేదు గానీ, ఆటోనగర్‌లో ఇలాంటి కుర్రాళ్ళ కార్లకు సీట్లు దించి బిగించిన అనుభవం ఉంది. చెట్టిపాళయంలోని ఆ ట్రాక్ రెండు కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు దగ్గర దగ్గరగా. మలుపు మలుపుకూ తల పక్కకు లాగుతుంది, కాబట్టి తల ఎలా నిలబడి ఉందన్నది నీకు మామూలు రోడ్డు మీద కన్నా ముఖ్యం.

హెల్మెట్ వెనక భాగం, పైచిప్ప, లోపలి థర్మోకోల్, మెత్త అన్నీ కలిపి నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. నీ కారులో తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఉన్న సందు కూడా దాదాపు అంతే. ఆ సందును హెల్మెట్ మింగేసింది. అందుకే గడ్డం దిగి, కళ్ళు రోడ్డు బదులు డ్యాష్‌బోర్డు మీద పడుతున్నాయి.

ఇంట్లోనే, కారు నీడన పెట్టుకుని, హెల్మెట్ పట్టీ బిగించి కూర్చో. మొదట సీటు ఎత్తు అడుక్కి దించు, కప్పు బాధ తగ్గుతుంది. సీటు వీపు ఒకటి రెండు గాట్లు వాల్చు. చేతులు చాచి మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, వీపు సీటును వదలకూడదు. అలా కాకపోతే సీటు ముందుకు. ఇప్పుడు హెడ్‌రెస్ట్‌ను గాటు గాటుగా ఎత్తుతూ, దించుతూ హెల్మెట్ వెనక ఎక్కడ తక్కువ తోస్తుందో చూడు. హెడ్‌రెస్ట్ వంపు అంతటా ఒకేలా ఉండదు, ఒక గాటు తేడాతో గడ్డం పైకి లేచిన కార్లు చూశాను. దళసరి కవరుంటే అది తీసెయ్. కవరు తీస్తే చాలు, సరిపోయిన వాళ్ళున్నారు.

ఇన్ని చేసినా తోస్తుంటే, అప్పుడు తీసే మాట. ఒక్కో కారు విడివిడిగా కోన్‌ల మధ్య నడిపే ఆటోక్రాస్ అయితే వెనక నుంచి గుద్దేవాళ్ళు ఉండరు, నిర్వాహకులు ఒప్పుకుంటే ఆ కొద్ది నిమిషాలకు తీయడం అర్థం చేసుకోదగ్గదే. ట్రాక్ డే అలా కాదు. నీ వెనకా ముందూ కార్లుంటాయి. ఎవరూ తగలకపోయినా నీ కారే గిరగిరా తిరిగి తోకతో గోడను కొట్టొచ్చు, అదీ వెనక నుంచి గుద్దడమే. పైగా తల బరువుకు హెల్మెట్ బరువు ఇంకో కిలోన్నర తోడైంది. మా ఆవిడ మెడ ఆగి ఉన్న కారులోనే అంత బాధపడిందంటే, నువ్వు హెడ్‌రెస్ట్ లేకుండా, తల మీద అంత బరువుతో తిరుగుతానంటే నేను సరే అనలేను. నీ కారులో హెల్మెట్‌తో తల నిటారుగా నిలవకపోతే ఈసారికి స్నేహితుడి కారు నడుపు. నిజంగా ఈ సరదా కొనసాగించేటట్టుంటే, హెల్మెట్ కోసం తల దగ్గర చోటు వదిలి చేసిన ఒకే పలక రేసు సీటు, తక్కువ ఎత్తు పట్టాలతో బిగించుకో. అది కప్పు సమస్యను కూడా తీరుస్తుంది. సన్‌రూఫ్ చట్రం రెండు మూడు వేళ్ళ ఎత్తు తినేస్తుంది, దాన్ని ఏ సర్దుబాటూ తిరిగి ఇవ్వదు.

హెల్మెట్ ఏదో రాయలేదు. బైకు మీద పెట్టుకునే ఐఎస్ఐ హెల్మెట్ బైకు కోసం చేసింది. కారు రేసులకు స్నెల్ సంస్థ ఎస్ఏ అనే గుర్తుతో వేరే పరీక్ష పెడుతుంది. అందులో లోపలి గుడ్డ మంటకు తట్టుకోవాలి, రోల్ కేజ్ (కారు బోల్తా పడినా కప్పు నలగకుండా లోపల బిగించే ఇనుప చట్రం) లాంటిదానికి పదే పదే తగిలినా ఆగాలి. ఏది ఒప్పుకుంటారో డబ్బు కట్టేముందే నిర్వాహకులను అడుగు. కొనేటప్పుడు హెల్మెట్‌ను దుకాణం అద్దం ముందు కాకుండా, వాళ్ళు ఒప్పుకుంటే నీ కారులో కూర్చుని పెట్టి చూడు. వెనక ఉబ్బు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

ఎవరైనా ఏ కారణానికైనా ట్రాక్‌లో హెడ్‌రెస్ట్ తీస్తే దాన్ని వెనక సీటు మీద పడేయకూడదు, గట్టి బ్రేకుకు ఇనుప రాడ్లతో సహా ఎగిరి వస్తుంది. షెడ్డులోనే సంచీలో పెట్టి వెళ్ళాలి. హెల్మెట్ తీసిన చేతితోనే దాన్ని తిరిగి దించాలి, క్లిక్ వినాలి, పైకి లాగి చూడాలి. మీకు అక్కడి నుంచి హైదరాబాద్‌కు దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల హైవే ఉంది, దారి పొడుగునా టోల్ గేట్ల వరుసలు.